చూసింది చూసినట్టు రాయండి

అపార్ట్‌మెంట్‌లో కమిటీ మారిన రోజున ఏమేం చేతులు మారతాయో గమనించండి. చెక్‌బుక్కు, సొసైటీ రబ్బరు స్టాంపు, మోటారు గది తాళాలు, జమాఖర్చుల పుస్తకం. ఆ పుస్తకంలో ప్రతి రూపాయీ ఉంటుంది, ఎందుకంటే జనరల్ బాడీ మీటింగులో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ చివరిసారి ఎప్పుడు చేయించారు, ఏ కంపెనీ మందు వాడారు, గ్యారంటీ ఎన్నేళ్లు అని అడిగితే మాత్రం, "అది పాత సెక్రటరీ గారిని అడగాలండీ" అంటారు. ఆయన కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లి రెండేళ్లయింది. డ్రైనేజీ లైను పార్కింగ్ కింద ఎటు తిరుగుతుందో పాత వాచ్‌మన్‌కు తెలుసు. అతను సొంతూరు వెళ్లిపోయాడు. కోట్ల రూపాయల కట్టడం, వందమంది ప్రాణాలున్న కట్టడం. దాని చరిత్ర ఇద్దరు ముగ్గురి జ్ఞాపకంలో ఉండి, వాళ్లతోపాటే గేటు దాటి పోతోంది.

"బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి కదా" అంటారు చాలామంది. డబ్బు ఎటు పోయిందో బిల్లు చెబుతుంది, గోడకు ఏమైందో చెప్పదు. "ప్లంబింగ్ పని, 4,500 రూపాయలు" అన్న బిల్లు చూసి అది ఏ ఫ్లాటో, ఏ పైపో, ఎందుకు కారిందో, కొత్త ముక్క వేశారో పాతదానికే ఎం-సీల్ పూశారో తెలుసుకోలేం. ఏడాదిలో అలాంటి బిల్లులు అయిదు ఉంటే ట్రెజరర్ లెక్కలో అవి అయిదు చిన్న ఖర్చులు. ఆ అయిదూ ఒకే నిలువు పైపు మీద, ఒక అంతస్తు తర్వాత మరో అంతస్తులో వచ్చాయని ఎక్కడైనా రాసి ఉంటే, ఆ పైపు మొత్తం మార్చాల్సిన రోజు వచ్చిందని ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే జమాఖర్చుల పుస్తకం పక్కన ఇంకో పుస్తకం ఉండాలి. బిల్డింగు పుస్తకం అనండి, మరమ్మతుల రిజిస్టరు అనండి, పేరు ఏదైనా ఫరవాలేదు. అందులో ఏం రాయాలి, ఎలా రాయాలి అన్నది నేర్చుకోవాల్సిన పని.

ఒక్క ఎంట్రీ ఎలా ఉండాలి

ఎక్కువ రిజిస్టర్లలో కనిపించేది ఇలా ఉంటుంది: తేదీ, దాని పక్కన "లిఫ్ట్ ఓకే, ట్యాంకు ఓకే, సెల్లార్ ఓకే", కింద సంతకం. నెలలకు నెలలు అదే వరస. అలాంటి పుస్తకం ఎన్ని పేజీలు నిండినా అది హాజరు పట్టీ మాత్రమే. ఎవరో వచ్చి వెళ్లారని తెలుస్తుంది, వాళ్లు ఏం చూశారో తెలియదు. ఓకే అన్నది తీర్పు. తీర్పు చెప్పే అర్హత ఇంజనీరుది. మనలాంటి సామాన్యులు చేయగలిగింది, చేయాల్సింది కంటికి కనబడినదాన్ని కొలిచి రాయడం.

సెల్లార్‌లో ఒక స్తంభం దగ్గర పగులు కనిపించిందనుకోండి. "పిల్లర్‌కు చిన్న క్రాక్" అని రాస్తే వచ్చే ఏడాది చూసేవాడికి అది ఏ పిల్లరో, అప్పటికీ ఇప్పటికీ పెరిగిందో లేదో తేలదు. ఇలా రాయండి: "సి-7 స్తంభం, తూర్పు ముఖం, నేల నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తున మొదలై పైకి నిలువుగా 42 సెంటీమీటర్ల పగులు. మధ్యలో వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. తుప్పు మరక లేదు, చెమ్మ లేదు. రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాం. స్కేలు పెట్టి ఫొటో తీశాం. మళ్లీ చూడాల్సింది మూడు నెలలకు." దీనికి పట్టే సమయం పది నిమిషాలు. పగులు వెడల్పు చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ గేజి ధర తక్కువే, మామూలు సివిల్ ఇంజనీర్ల దగ్గర దొరుకుతుంది. మరీ అనుమానంగా ఉంటే పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక అంటించమని పాత మేస్త్రీలు చెప్పేవారు. కట్టడం కదిలితే ఆ గాజు చిట్లుతుంది.

రెండోసారి చూసేటప్పుడు రుతువు కూడా పట్టించుకోవాలి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లోనూ తెలంగాణలో చాలాచోట్లా నల్లరేగడి నేలలున్నాయి. అవి వానకు ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకుపోతాయి. ఆ నేల మీద కట్టిన గోడల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు వేసవిలో ఒక రకంగా, వానాకాలం చివర మరో రకంగా ఉండవచ్చు. మేలో కొలిచిన పగులును అక్టోబరులో కొలిచి "తగ్గింది, ఇక భయం లేదు" అనుకోవడం పొరపాటు. మేది మేతో, అక్టోబరుది అక్టోబరుతో పోల్చాలి. రెండేళ్లపాటు ఇలా నాలుగు అంకెలు పక్కపక్కన ఉంటే, ఋతువును బట్టి తెరుచుకుని మూసుకునే పగులేదో, ఏడాదికేడాది పెరుగుతూ పోయే పగులేదో ఇంజనీరు వెంటనే చెప్పగలుగుతారు. ఆ అంకెలు లేకపోతే ఆయనా ఊహించాల్సిందే.

చోటు గుర్తించడానికి ఒక చిన్న ఏర్పాటు ముందే చేసుకోండి. స్ట్రక్చరల్ డ్రాయింగులో ప్రతి స్తంభానికీ నంబరు ఉంటుంది. ఆ నంబర్లే సెల్లార్ స్తంభాల మీద పెయింటుతో రాయించండి. మిగతా చోట్లకు దిక్కుల పేర్లు వాడండి. మన దగ్గర చదువు రానివారికి కూడా ఈశాన్యం ఏదో నైరుతి ఏదో తెలుసు. సంపు ఈశాన్యంలో, పైట్యాంకు నైరుతిలో పెట్టించిన పుణ్యమా అని వాస్తు మనకు ఈ ఉపకారం చేసింది. "టెర్రస్, వాయవ్య మూల, పిట్టగోడ అడుగున చెమ్మ" అని రాస్తే పదేళ్ల తర్వాత వచ్చినవాడు కూడా నేరుగా అక్కడికే వెళతాడు.

పెచ్చులూడిన చోట మరింత శ్రద్ధ కావాలి. బాల్కనీ అడుగునో, సజ్జ అంచునో, పార్కింగ్ స్లాబుకో పెచ్చులు రాలితే మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించి, రంగు వేయించి, బిల్లు ఫైల్లో పెడతాం. మూడేళ్లకు అక్కడే మళ్లీ రాలుతుంది. లోపల జరుగుతున్నది ఏమిటంటే, చెమ్మ కాంక్రీటులోంచి ఊచ దాకా చేరి తుప్పు పట్టిస్తుంది. తుప్పు, తాను తినేసిన ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పై కాంక్రీటు ఊడి పడుతుంది. అంటే పెచ్చు రాలేసరికే లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. కాబట్టి సిమెంటు పూయకముందు మేస్త్రీని ఆపి రాయాల్సినవి రాయండి. ఎన్ని ఊచలు బయటపడ్డాయి, తుప్పు గోకాక మిగిలిన మందం ఎంత, డ్రాయింగు ప్రకారం ఉండాల్సినది ఎంత, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఆపారా. 12 మిల్లీమీటర్ల ఊచ వెర్నియర్‌తో కొలిస్తే 10 మిల్లీమీటర్లే ఉంటే, దాని బలంలో సుమారు మూడో వంతు పోయినట్టు. ఆ మాట పుస్తకంలో లేకుండా పైన పూత పడితే, ఆ సంగతి ఇక ఎవరికీ కనబడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలోని ఉప్పు ఈ పనిని త్వరపెడుతుంది. అక్కడివాళ్లు ఏడాదికోసారి చూస్తే చాలదు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి.

అంకెలే ముందుగా చెబుతాయి

యంత్రాల విషయంలో పని ఇంకా తేలిక, ఎందుకంటే అవి వాటంతట అవే అంకెలిస్తాయి. బోరు మోటారుకు ప్యానెల్ మీద ఆంపియర్ మీటరు, వోల్ట్ మీటరు ఉంటాయి. ట్యాంకు నిండడానికి ఎంతసేపు పట్టిందో వాచ్‌మన్‌కు తెలుసు. వారానికోసారి ఈ మూడూ ఒక వరసలో రాయండి. జనవరిలో 40 నిమిషాల్లో నిండిన ట్యాంకు మార్చిలో 60 నిమిషాలు తీసుకుంటోందంటే భూగర్భజలం దిగుతోందనో, మోటారు లోపలి భాగాలు అరిగాయనో అర్థం. వోల్టేజీ సరిగ్గానే ఉండి ఆంపియర్లు మాత్రం పెరుగుతూ పోతుంటే మోటారు దేనితోనో పెనుగులాడుతోంది. మే నెల మధ్యలో మోటారు కాలిపోయి ట్యాంకర్ల కోసం పరుగెత్తే బదులు, ఏప్రిల్లోనే మెకానిక్‌ను పిలవవచ్చు. బోరు ఎంత లోతు వేశారు, కేసింగ్ ఎంతవరకు దింపారు, మోటారు ఎన్ని అడుగుల్లో వేలాడుతోంది అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి. మోటారు పైకి తీసిన ప్రతిసారీ వాటిని సరిచూసి రాయాలి.

జనరేటరుకు గంటల మీటరు, అగ్నిమాపక సిలిండరుకు ప్రెజర్ ముల్లు, ఫైర్ పంపుకు పీడనం. వీటన్నిటికీ అదే పద్ధతి. సిలిండరు ఎక్కడ ఏది ఉందో నంబరు వేసి, నెలకోసారి ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడండి. రీఫిల్ తేదీ ట్యాగుమీదే కాక పుస్తకంలోనూ ఉండాలి, ట్యాగులు చిరిగిపోతాయి.

లిఫ్ట్ దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఏఎంసీ మెకానిక్ వచ్చి, తన చీటీలో సంతకం చేయించుకుని వెళ్లిపోతాడు. ఆ చీటీలో "సర్వీస్ డన్" అని ఉంటుంది. ఈసారి ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి మర్యాదగానే అడగండి: "తాళ్లు చూశారా, తీగలు ఎక్కడైనా తెగాయా? బ్రేకు ఎలా ఉంది? కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీని కరెంటు తీసేసి పరీక్షించారా?" ఆయన చెప్పింది ఆయన ముందే రాసి, ఆయన చేతే సంతకం పెట్టించండి. చూడని దాన్ని చూశానని రాయడానికి మంచి మెకానిక్ ఒప్పుకోడు. మరుసటి నెల నుంచి ఆయనే చూసి వస్తాడు.

సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ చాంబర్ల గురించి ఒక్క మాట. ఎవరినీ లోపలికి దించకండి. 2013లో వచ్చిన చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనుషుల చేత మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు కడిగించడాన్ని నేరంగా ప్రకటించింది. అయినా మన ఊళ్లలో విషవాయువులకు ఊపిరాడక మనుషులు చనిపోతూనే ఉన్నారు. వచ్చిన యంత్రం బండి నంబరు, ఏజెన్సీ పేరు, తీసిన తేదీ పుస్తకంలో రాయడం తప్పనిసరి చేయండి. బండి నంబరు రాయాలని ముందే తెలిస్తే, బండి లేకుండా ఇద్దరు కూలీలతో పని కానిచ్చేసే ఆలోచన ఎవరికీ రాదు.

సర్ఫ్‌సైడ్‌లో ఏం జరిగింది

రాసి ఉంచడం ఒక్కటే సరిపోదని 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం చెప్పింది. మయామీ పక్కన సర్ఫ్‌సైడ్ పట్టణంలో, సముద్రం ఒడ్డున 1981లో కట్టిన ఛాంప్లేన్ టవర్స్ సౌత్ అనే పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో సగభాగం నిద్రలో ఉన్న జనంతో సహా కూలిపోయింది. 98 మంది చనిపోయారు.

ఆ కట్టడం గురించి రాతపూర్వకమైన హెచ్చరిక లేకపోలేదు. 2018లోనే ఒక ఇంజనీరు పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఈతకొలను చుట్టూ ఉన్న స్లాబు మీద నీరు పారే వాలు లేదని, నీరు నిలిచి వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, కింది కాంక్రీటు తీవ్రంగా దెబ్బతిందని అందులో ఉంది. అయితే అదే ఏడాది నవంబరులో జరిగిన యజమానుల సంఘం సమావేశపు మినిట్స్‌లో, పట్టణ భవనాల అధికారి కట్టడం చాలా మంచి స్థితిలో ఉందన్నట్టు చెప్పారని నమోదైంది. కొలతలూ ఫొటోలూ ఉన్న నివేదిక ఒక ఫైల్లో, ఊరడింపు మాట మినిట్స్‌లో ఉండిపోయాయి. ఖర్చు గురించిన వాదనలతో ఏళ్లు గడిచాయి. 2018లో సుమారు 90 లక్షల డాలర్లనుకున్న మరమ్మతు అంచనా 2021 ఏప్రిల్ నాటికి ఒకటిన్నర కోటి డాలర్లకు చేరింది. నష్టం బాగా పెరిగిందని సంఘం అధ్యక్షురాలు యజమానులందరికీ ఉత్తరం రాశారు. కాంక్రీటు పని మొదలుకాకముందే కట్టడం కూలింది. ఆ స్లాబు డిజైను మొదటినుంచే నిబంధనలు కోరిన బలం ఇచ్చేదిగా లేదని ఆ తర్వాతి ప్రభుత్వ దర్యాప్తులో తేలింది. అంటే తప్పంతా నిర్వహణది కాదు. కానీ బలహీనంగా పుట్టిన కట్టడానికే నిఘా ఎక్కువ కావాలి.

కట్టడం కూలిన మరుసటి ఏడాది ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న ఇలాంటి అపార్ట్‌మెంట్లు 30 ఏళ్లు నిండేసరికి, తర్వాత పదేళ్లకోసారి ఇంజనీరు చేత తనిఖీ చేయించుకోవాలి. ఆ నివేదిక సారాంశం ప్రతి యజమానికీ అందాలి. ఈ రెండో షరతే నాకు విలువైనదిగా కనిపిస్తుంది. కమిటీ ఫైల్లో నివేదిక ఉండటం వేరు, ఆ కప్పు కింద పడుకునే ప్రతి కుటుంబం దాన్ని చదవడం వేరు.

కాబట్టి మన పుస్తకంలో ప్రతి ఎంట్రీకి చివర రెండు గడులు పెట్టండి: ఎవరు చేయాలి, ఎప్పటిలోగా. పని అయితే తేదీ వేసి, ఏం చేశారో రాసి మూసేయాలి. కాకపోతే ఎందుకు కాలేదో రాసి కొత్త తేదీ వేయాలి. అలా మూడుసార్లు తేదీ మారిన ఎంట్రీ ఏదైనా ఉంటే అది కమిటీ పరిధి దాటి అందరి ముందుకూ రావాలి.

బిల్డరు ఇవ్వాల్సినవి

కొత్త అపార్ట్‌మెంట్ అయితే 2016 నాటి రెరా చట్టం మీ చేతికి బలమైన హక్కు ఇచ్చింది. స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలోగాని, పనితనంలోగాని, సౌకర్యాల్లోగాని లోపం ఉందని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లోగా అదనపు సొమ్ము అడగకుండా సరిచేయాలి. లేదంటే పరిహారం కోరవచ్చు. ఇక్కడ ప్రాణమంతా "దృష్టికి తేవడం"లో ఉంది. వాట్సాప్‌లో పంపిన ఫొటో, సైట్ ఇంజనీరుతో ఫోన్‌లో మాట్లాడిన మాట ఆ తర్వాత ఎవరికీ గుర్తుండవు. లోపం రిజిస్టరులో నమోదు చేసి, ఆ ఎంట్రీ నంబరుతో ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు అదే పేజీకి అంటించండి. నాలుగున్నర ఏళ్లు నిండగానే ఇంజనీరును పెట్టి టెర్రస్ నుంచి సెల్లార్ వరకు మొత్తం పరిశీలన చేయించండి. గడువు దాటాక కనబడ్డ చెమ్మకు ఖర్చు మీదే.

అదే చట్టం ప్రకారం ఉమ్మడి ప్రదేశాలతో సహా ప్లాన్లు, పత్రాలు బిల్డరు సంఘానికి అప్పగించాలి. అనుమతి పొందిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక, పైపులూ వైర్లూ నిజంగా ఎలా పోయాయో చూపే డ్రాయింగులు, ఫైర్ ఎన్‌ఓసీ, యంత్రాల వారంటీ కార్డులు అడిగి తీసుకోండి. పాత భవనమైతే ఇవేవీ దొరక్కపోవచ్చు. దాని గురించి బాధపడుతూ కూర్చోకుండా ఒక ఇంజనీరుతో పూర్తి పరిశీలన చేయించి దాన్నే మొదటి పేజీ చేసుకోండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేస్తే చివరి నిర్ణయంతోపాటు ఏ స్తంభం మీద ఏ చోట ఏ అంకె వచ్చిందో ఆ పట్టిక కూడా అడిగి ఉంచుకోండి. తర్వాతి ఇంజనీరుకు కావాల్సింది ఆ పట్టికే.

చెప్పినవాడిని కసరకండి

ఇప్పటివరకు చెప్పిందంతా పద్ధతి. పద్ధతి పాడయ్యేది మనుషుల భయం వల్ల. కట్టడాన్ని రోజూ చూసేది వాచ్‌మన్, మెట్లు ఊడ్చే అతని భార్య. మెట్ల పక్క గోడ తడిసిందని మొదట తెలిసేది ఆమెకే. "సార్, మోటారు గుర్రుమంటోంది" అని అతను చెప్పినప్పుడు, "నువ్వేం చేశావు దాన్ని?" అని అడిగితే ఆ ఇంటి నుంచి మనకు అందే ఆఖరి సమాచారం అదే అవుతుంది. అతను చెప్పిన మాట అతని మాటల్లోనే, అతని పేరుతో రాయండి. "యాదయ్య చెప్పాడు: రెండు రోజులుగా మోటారు గుర్రుమంటోంది." ఆ మాట వల్ల మోటారు దక్కితే మీటింగులో అతని పేరు చెప్పండి.

రెండో భయం యజమానులది. పగుళ్లు పుస్తకంలో రాస్తే ఫ్లాటు రేటు పడిపోతుందని, అద్దెకు రారని అంటారు. దీన్ని మొహమాటం లేకుండా ఎదుర్కోవాలి. రాయకపోతే పగులు మానదు. తెలివైన కొనుగోలుదారు ఇంజనీరును వెంటబెట్టుకునే వస్తాడు. లోపం ఎప్పుడు కనబడింది, ఎలా సరిచేశారు, తర్వాత రెండేళ్లు ఎలా ఉంది అని చూపించే పుస్తకం ఉన్న అపార్ట్‌మెంట్‌ను అతను ఎక్కువ నమ్ముతాడు. అన్నిటికీ మించి, ఆ సజ్జ కింద సాయంత్రం పూట ఆడుకునే పిల్లలు ఎవరి పిల్లలైనా మన పిల్లలే. ఫ్లాటు ధర కోసం వాళ్ల నెత్తిమీది పెచ్చును దాచే హక్కు ఎవరికీ లేదు.

పుస్తకం గట్టి అట్టతో, పేజీ నంబర్లు వేసినదై ఉండాలి. విడి కాగితాలు వద్దు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి పక్కన సరైనది రాయండి, పేజీ చింపకండి. ప్రతి నెలాఖరున పేజీలను ఫోనుతో స్కాన్ చేసి సంఘం పేరు మీదున్న ఈమెయిల్ ఖాతాలో దాచండి. సెక్రటరీ గారి సొంత ఖాతాలో ఉంటే ఆయనతోపాటే అవి కూడా డాలస్ వెళతాయి.

జనరల్ బాడీ మీటింగులో జమాఖర్చుల కన్నా ముందు ఇంకా మూయని ఎంట్రీలు గట్టిగా చదవండి. కమిటీ మారే రోజున పాత సెక్రటరీ, కొత్త సెక్రటరీ, వాచ్‌మన్ ముగ్గురూ పుస్తకం పట్టుకుని టెర్రస్ నుంచి మొదలుపెట్టి సంపు దాకా నడవాలి. మూయని ప్రతి ఎంట్రీ దగ్గరా ఆగి, ఆ చోటు చూసి, ఇద్దరు సెక్రటరీలూ పక్కపక్కన సంతకం చేయాలి. పెద్ద అపార్ట్‌మెంట్ అయితే ఒక పూట పడుతుంది. మోటారు గది తాళాలు ఆ తర్వాతే చేతులు మారాలి.